వృద్ధాశ్రమ పరీక్ష

దేశమున కట్టబడిన పెద్ద ఆనకట్టలలోను, త్రవ్వబడిన కాలువలలోను పాలమూరి కూలివాని చెమట కలియనిది అరుదు. బొంబాయి, పూనా మొదలు దూరపు రాష్ట్రముల దాక మట్టిపనికిని, రోడ్లపనికిని, మేడల పనికిని ఈ సీమ బిడ్డలు గుంపుమేస్త్రీల వెంట తరతరములుగా వలసపోయిరి. చదువుకొన్న కుటుంబముల సంతానము హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు పోయినది. పోయినవారిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. పోలేక మిగిలినవారి మాట ఎవరును అంతగా ఎత్తరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెలలో పట్టపగలు నడచి చూచినచో అనేక వీథులలో కనబడునవి తాళము వేసిన తలుపులు, అరుగులమీద కూర్చున్న ముసలివారు. శ్రీశైలము జలాశయమున ఊళ్లు మునిగి, 1981లో కొల్లాపురము, ఆలంపురము ప్రాంతములనుండి కట్టుబట్టలతో లేచిపోయినవారిలో ఆనాడు ముప్పదియేండ్ల వయసువారు నేడు డెబ్బది దాటిరి. వీరి కడపటి దినములు ఎవరి చేతిలో, ఎట్టి కప్పుక్రింద గడచుననునది నేటి మా ప్రశ్న.

వృద్ధాశ్రమమను మాట మన సమాజమున ఇంకను చెవికి కటువుగనే యున్నది. కన్నవారిని అచ్చట చేర్చిన కొడుకు ఆ సంగతి బంధువులకు చెప్పుకొనడు. చేరిన తల్లి, నేనే యిచ్చట ఉందునంటినని చెప్పి కొడుకు పరువు కాపాడును. మఱియొక ప్రక్క, ఆశ్రమమును నడుపువాడు పుణ్యపురుషుడుగా కీర్తింపబడుచున్నాడు. పుట్టినదినమున అన్నదానము చేసి, అరటిపండ్లు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చు దాతలకు ఆ గృహము కొనియాడదగినదే గాని పరీక్షింపదగినదిగా తోచదు. చేర్చినవాని సిగ్గు, నడుపువాని కీర్తి, ఇచ్చినవాని తృప్తి, ఈ మూడును కలిసి ఆశ్రమము తలుపును లోకము కంటికి మూసివైచినవి. దయతో నడచునది గావున ప్రశ్నింపరాదను భావము మనలో పాతుకొనినది. ఈ భావమును పెకలింపనిదే వృద్ధులకు రక్షణ లేదని మా నిశ్చితాభిప్రాయము.

ఆ మధ్య ఒక వేసవిలో మేమొక వృద్ధాశ్రమమును చూడబోయితిమి. దాని పేరును ఊరును చెప్పుట మా యుద్దేశము కాదు. నడుపువారు దుర్మార్గులు కారు. ముందుసాల చలువరాళ్లతో మెఱయుచుండెను. గోడమీద దాతల పేర్లు చెక్కబడియుండెను. వంట శుచిగనే యుండెను. పడకగదులకును మరుగుదొడ్లకును నడుమ పెరడు. పెరటిలోనికి దిగుటకు జేనెడెత్తు గడప. గడప కవతల దీపము లేదు. చేతికి పట్టుకొన ఊచ లేదు. సాయంకాలమైనను ఎండవేడి తగ్గలేదు. ఎనుబదియేండ్ల యొక అవ్వ మంచము చెంత నిండుచెంబు కదలక యుండెను. దాహము లేదా అవ్వా యని యడిగితిమి. ఆమె యిట్లనెను: "పొద్దుమూకినంక నీళ్లు తాగ బిడ్డా. నడిజామున ఆ చీకట్ల గడప దాటి ఏడ వోదు?"

ఆ గృహమున కొట్టువారు లేరు, పస్తులు లేవు. అయినను ఆమె ప్రతిరాత్రియు దాహముతోనే పండుకొనుచున్నది. వయసు మీఱినకొలది దాహము తెలియుటయే తగ్గునని వైద్యులు చెప్పుదురు. అట్టి దేహమునకు భయముచేత నీరు మానిపించినచో మూత్రమున చీము పట్టును, తల తిరుగును, తెల్లవారి లేవబోయి పడుదురు, తుంటి యెముక విఱుగును. విఱిగిన తుంటితో మంచము పట్టిన వృద్ధులలో పలువురు తిరిగి లేవరు. అప్పుడు ఆ మరణమునకు మనము పెట్టు పేరు వార్ధక్యము. కారణమో, ఒక గడప, ఒక ఆరిన దీపము. మనము అడుగవలసిన ప్రశ్నలు ఎంత చిన్నవియో, వానిని అడుగకుండుట ఎంత ఘోరమో ఆ నిండుచెంబు మాకు తెలిపినది.

కన్నవారిని పోషించుట బిడ్డల ధర్మమే గాని ఆశ్రమముల పని కాదని కొందఱనెదరు. ధర్మమనుటలో మాకును భేదము లేదు. కాని మన పూర్వులు లోకమును కన్నులు తెఱచి చూచినవారు. కౌటిల్యుని అర్థశాస్త్రము, శక్తి యుండియు తల్లిదండ్రులను పోషింపనివానికి పన్నెండు పణముల దండమును విధించినది. ఆ ప్రకరణముననే, దిక్కులేని బాలురను, వృద్ధులను, ఆపన్నులను రాజు భరింపవలెనని చెప్పినది. అనగా బిడ్డల ధర్మమును నిలుపుట యొకటి, బిడ్డలు లేనివారిని, ఉండియు లేనట్టివారిని కాపాడుట యింకొకటి. రాజ్యమునకు రెండును విధులే. అశోకుడు తన ధర్మమహామాత్రుల పనులలో అనాథల యొక్కయు వృద్ధుల యొక్కయు యోగక్షేమములను చేర్చెను. ఆ శాసనములు చెక్కిన బండ ఎక్కడనో లేదు. తుంగభద్ర కావల, మన నడిగడ్డకు పొరుగున నున్న కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడిలో నున్నది. వృద్ధుల క్షేమమును విచారించుటకు ఉద్యోగిని పంపవలెనను తలపు పాశ్చాత్యులనుండి మనము ఎరువు తెచ్చుకొన్నది కాదు. మనమే మఱచినది.

ఇక నేటి చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధపౌరుల పోషణ సంక్షేమ చట్టమును చేసెను. పోషింపని బిడ్డలపై వృద్ధులు రెవెన్యూ డివిజనల్ అధికారి హోదాకు తగ్గని యధికారి అధ్యక్షుడుగా గల ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకొనవచ్చును. వ్రాయలేనివారి పక్షమున, వారి యనుమతితో, మఱియొకరుగాని సంస్థగాని అర్జీ పెట్టవచ్చును. ట్రిబ్యునల్ తనంతట తానును విచారణ చేపట్టవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తీర్పు చెప్పవలెను. ప్రత్యేక కారణములున్నచో మఱి 30 దినములు గడువు. నెలకు 10,000 రూపాయలకు మించని భరణమును విధింపవచ్చును. వృద్ధులను విడిచిపెట్టి పోవువారికి మూడునెలల దాక ఖైదుగాని, 5,000 రూపాయల దాక జరిమానాగాని, రెండునుగాని కలవు.

ఈ చట్టములోని 23వ సెక్షనును మా పాఠకులలో భూవసతి గలవారు శ్రద్ధగా గమనింపవలెను. తన్ను పోషింపవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తిని దానమిచ్చిన పిమ్మట, పుచ్చుకొన్నవాడు పోషింపకున్నచో, ఆ దస్తావేజును రద్దుచేయించుకొనవచ్చును. అయితే ఆ షరతు ఉండవలెనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టముగా చెప్పెను. 2025 జనవరిలో, అట్టి సందర్భమున ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనము చేయింపను గలదని తీర్పిచ్చెను. కన్నబిడ్డలపై నమ్మకమున షరతు వ్రాయక సంతకముచేసి, ఆపైని ఆశ్రమమునకు చేరినవారు ఎందఱో కలరు. షరతు వ్రాయించుట అవిశ్వాసము కాదు. అది లేనిచో న్యాయస్థానమునకు చేయందదు.

చట్టములో ఆశ్రమములను గూర్చిన భాగము 19వ సెక్షను. ప్రతి జిల్లాలోను తొలుత ఒక్కటికి తగ్గకుండ, 150 మందికి తక్కువ కాకుండ, దిక్కులేని వృద్ధులకు ఆశ్రమములను రాష్ట్రప్రభుత్వము స్థాపింపవచ్చునని ఆ సెక్షను చెప్పుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీకి ముందు మహబూబ్‌నగరు ఒక్కటే జిల్లా. ఆ దినమున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱు జిల్లాలైనవి. కలెక్టరు కచేరీలు మూడు వచ్చినవి, పోలీసు సూపరింటెండెంటులు మువ్వురు వచ్చిరి. ఆ లెక్కనే ఈ మూడు జిల్లాల వృద్ధులకు 450 మందికి తగ్గని వసతి రావలసియున్నది. కచేరీలకు తోచిన విభజన వృద్ధులకును వర్తింపవలదా యని మేమడుగుచున్నాము.

కాని సెక్షనులోని క్రియాపదమును చదువరులు చూడవలెను. స్థాపింపవలెనని లేదు, స్థాపింపవచ్చునని యున్నది. ప్రమాణములను నిర్ణయించుటకును అదే క్రియ. బాలల విషయమున చట్టము ఇంత మెత్తగా మాటలాడలేదు. 2015 బాలల న్యాయచట్టము ప్రకారము రిజిస్టరు చేయింపని బాలల గృహమును నడుపువానికి ఏడాది దాక ఖైదుగాని, లక్షకు తగ్గని జరిమానాగాని, రెండునుగాని విధింపబడును. వృద్ధుల గృహమును అట్లు నడుపువానికి శిక్ష విధించు సెక్షను 2007 చట్టమున లేదు. రాష్ట్రములు నియమములచే కొంత పూరింపజూడవచ్చును. శిక్షాబలము మాత్రము మూలచట్టముననే యుండవలసినది. ఈ లోపమును తీర్చుటకై 2019 డిసెంబరులో కేంద్రము ఒక సవరణ బిల్లును లోకసభలో ప్రవేశపెట్టెను. ఆశ్రమముల రిజిస్ట్రేషను, కనీసప్రమాణములు, భరణమునకు పరిమితి తొలగింపు అందుండెను. అది స్థాయీసంఘమునకు పోయెను, సంఘము నివేదిక నిచ్చెను, అంతట బిల్లు నిదురించి 2024లో ఆ లోకసభతోపాటే చెల్లిపోయెను. ప్రతి జిల్లాలోని వృద్ధాశ్రమముల లెక్కను, అందలి వైద్యవసతులను రాష్ట్రములనుండి తెప్పించుకొనుమని 2018 డిసెంబరులోనే సుప్రీంకోర్టు కేంద్రమునకు చెప్పవలసివచ్చినదనిన, రాజ్యము ఈ విషయమున ఎంత మెలకువగా నున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

తలుపు మూసి యున్న గృహములో నేమి జరుగగలదో మనకు తెలియనిది కాదు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసికరోగుల వసతిగృహము తగులబడి 28 మంది మరణించిరి. వారు గొలుసులతో బంధింపబడియుండిరి, పాఱిపోలేకపోయిరి. అది వృద్ధాశ్రమము కాదుగదా యందురేమో. 2020 జనవరిలో హైదరాబాదునకు చేరువ కీసర పరిధిలోని నాగారమున, అనుమతిలేక నడచుచున్న వృద్ధాశ్రమమునుండి పోలీసులు డెబ్బదిమందికి పైగా విడిపించిరి. వృద్ధులును మతిచెడినవారును ఇఱుకుగదులలో కలిపి కుక్కబడియుండిరనియు, కట్టి కొట్టబడిరనియు పత్రికలకెక్కెను. ఆ గృహము అడవిలో లేదు, ఇండ్లనడుమనే యుండెను. ఇరుగుపొరుగులు వినిన కేకలను అధికారి వినుటకు చాలకాలము పట్టినది. వృద్ధాశ్రమముల వంటి సంరక్షణగృహములలో పనిచేయువారిలో ముగ్గురిలో ఇద్దఱు, ఏడాదిలో ఏదో యొక రీతిగ వృద్ధులను బాధించితిమని తామే యొప్పుకొనిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అనేక దేశముల అధ్యయనములను కూర్చి ప్రకటించినది. వారందఱును క్రూరులు కారు. చాలీచాలని జీతము, ఎడతెగని చాకిరి, నేర్పబడని పని, అడుగువాడు లేకపోవుట, ఈ నాలుగును మంచివానిని గూడ మొఱటువానిగ చేయును.

సంపన్నదేశములైనను ఈ పాఠమును సుఖముగా నేర్చుకొనలేదు. 2014 జనవరి 23న కెనడాలోని లీల్‌వెర్ట్ గ్రామమున ఒక వృద్ధనివాసము రాత్రివేళ తగులబడి 32 మంది చనిపోయిరి. అగ్ని పుట్టగానే పైకప్పునుండి నీరు చిమ్ము యంత్రము భవనమున ఒక భాగమునకే యుండెను. ఆ దహనము తరువాతనే క్విబెక్ ప్రభుత్వము అట్టి నివాసములకు ఆ యంత్రములను విధిగా చేసెను. అమెరికాలో 1986లో వెలువడిన యొక పరిశీలన నివేదిక, వృద్ధుల నర్సింగుహోములలోని దుస్థితిని బయటపెట్టగా, 1987లో చట్టము వచ్చి, సిబ్బంది సౌకర్యమునకై వృద్ధులను మంచమునకు కట్టుటను, మందుతో మత్తెక్కించుటను నిషేధించెను. ఇంగ్లాండులో 2009నుండి ఒక ప్రత్యేకసంస్థ ఈ గృహములను తనిఖీ చేయుచున్నది. నాలుగు తరగతులలో ఏ తరగతి వచ్చినదో 2015నుండి ప్రతి గృహమును తన వాకిటనే ప్రదర్శింపవలెను. మన దొరతనమును ఎదిరించి స్వరాజ్యమును తెచ్చుకొన్న జాతి, ఆ దొరల దేశము తన ముసలివారికై చేసికొన్న మంచి యేర్పాటును చూచి నేర్చుకొనుటలో చిన్నతనము లేదు.

ప్రమాణములనగా ఏమియో గొప్ప శాస్త్రమని సామాన్యులు జంకుదురు. ఇంటి పెద్దలను చూచుకొన్న ప్రతివారికిని అవి తెలిసినవే. వానిని వరుసగా చెప్పెదము.

మొదటిది చోటు. కేంద్రప్రభుత్వపు మాదిరి నియమములు, మనిషికి పడకగదిలో 7.5 చదరపు మీటర్లును, అనగా ఎనుబది చదరపు అడుగులును, వంటిల్లు, భోజనశాల, వైద్యపుగది మొదలగువానితో కలిపి 12 చదరపు మీటర్లును ఉండవలెననుచున్నవి. పది మంచములు పట్టుచోట ఇరువది వేసినచో గాలి చాలదు, ఒకరి దగ్గు అందఱికి అంటును. కరోనా మహమ్మారి కాలమున దేశదేశముల వృద్ధనివాసములు ఈ యిఱుకునకు చెల్లించిన మూల్యమును లోకము మఱువలేదు.

రెండవది నేల. అఱువదియైదేండ్లు దాటినవారిలో ఇంచుమించు మూడవవంతు ఏటేట ఒకమాఱైనను పడుచుందురు. తడిసినను జాఱని రాళ్లు, గడపకు బదులు వాలు, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు గోడకూచ, కూర్చుండుటకు కుర్చీ పీట, బయటనుండియు తెఱవదగిన గడియ, రాత్రియంతయు వెలుగు చిన్న దీపము, ఇవి యుండవలెను. ముందుసాల చలువరాయి నున్నదనము దాతకు కనువిందు గావచ్చును, ముసలివారి కాలికి మృత్యువు.

మూడవది రాత్రి. ఆశ్రమమును పగలు చూచినవాడు సగమే చూచెను. రాత్రి పదిగంటల తరువాత మేలుకొనియుండు మనిషి యెవరు? పిలిచిన వినబడునా? మంచము చెంత గంట యున్నదా? లేవలేనివారిని రెండేసి గంటలకు ఒకమాఱు ప్రక్క మార్చువారున్నారా? మార్చనిచో నడుముక్రింద పుండ్లు పడి ఎముకదాక తినివేయును. అట్టి పుండు వ్యాధి కాదు, అలక్ష్యమునకు సాక్ష్యము. తనిఖీకి వచ్చు వైద్యుడు మొట్టమొదట చూడవలసినది పుస్తకములు కావు, మంచముపట్టినవారి వీపులు.

నాలుగవది అగ్ని. నడువలేనివారిని మేడమీద పెట్టరాదు. గ్యాసుబండ పడకగదులకు దూరముగ నుండవలెను. కిటికీలకు కదలని ఇనుపఊచలు బిగించి ఒకే ద్వారము పెట్టుట దొంగలనుండి కాపాడును గాని నిప్పునుండి కాపాడదు. రెండవ ద్వారముండవలెను, దాని తాళపుచెవి రాత్రి మేలుకొనువాని వద్ద నుండవలెను.

ఐదవది అన్నము, మందు. పాలమూరి జొన్నరొట్టె బలమైన యాహారమే. పండ్లులేని నోటికి దానిని పెట్టి, ముసలాయన తినుటలేదని చెప్పుట అన్యాయము. ఆ జొన్ననే గటకగ కాచి పెట్టవచ్చును. మధుమేహమునకు సూదివేసికొన్నవారికి భోజనము గంట ఆలస్యమైనచో స్పృహ తప్పవచ్చును. వారికి వంటవాని గడియారము వైద్యుని చీటితో సమానము. ఎవరి మందు వారి పేరుగల పెట్టెలో నుండవలెను, ఇచ్చిన వేళ వ్రాయబడవలెను. వైద్యుడు వ్రాయని నిద్రమందు ఆశ్రమమున నుండనేకూడదు.

ఆఱవది చేతిలో డబ్బు, పోవుటకు దారి. ఆసరా పింఛను 2014లో వేయి రూపాయలతో ప్రారంభమై 2019లో 2,016 రూపాయలకు పెరిగినది. అది వృద్ధుని సొత్తు, ఆశ్రమపు పద్దు కాదు. పింఛను పుస్తకము, ఆధారుకార్డు ఆయన దగ్గఱనే యుండవలెను. ఆశ్రమము నడుపువారుగాని పనివారుగాని అందలి వృద్ధులచేత దానపత్రములు, వీలునామాలు వ్రాయించుకొనరాదు. వచ్చినవారు పోదలచినచో పోవచ్చును; చూడవచ్చినవారితో ఒంటరిగ మాటలాడవచ్చును. లోపలినుండి బయటికి మాట రానిచోట చట్టము చేయగలిగినది ఏమియు లేదు.

ఇన్ని నిబంధనలు పెట్టినచో చిన్న ఆశ్రమములు మూతపడునని యొక యాక్షేపణ కలదు. దీనిని మేము తేలికగా త్రోసివేయము. ఏ సాయమును లేక పదిమందికి కంచము పెట్టుచున్న సజ్జనులు మన సీమలో కలరు. వారిని చూచి కొరడా ఝళిపించు ఇన్‌స్పెక్టరు మాకును వలదు. మంచి ఆశ్రమమును మూయించి వృద్ధులను బస్‌స్టాండుకు పంపుట సంస్కారము కాదు. కాని పైని చెప్పినవానిలో ఎన్ని వ్యయసాధ్యములు? గోడకూచ, దీపము, గంట, గడపకు వాలు, మందులపెట్టె, వీని మొత్తము ఖర్చు ఒక పుట్టినదినపు విందుకన్న తక్కువ. చోటు, రెండవ ద్వారము వంటివానికి గడువీయవచ్చును, ప్రభుత్వము ధనసహాయము చేయవచ్చును; వృద్ధాశ్రమములకు కేంద్రసహాయము 1992నుండియే పథకముగా నున్నది. తాళము, గొలుసు, మత్తుమందు, వీనికి మాత్రము ఒక్క దినమును గడువు లేదు. తెలియని లోపమునకు సహాయము, తెలిసిన క్రూరత్వమునకు శిక్ష, ఈ భేదమును పాటించు తనిఖీకి సజ్జనులు వెఱువరు.

కావున మేము కోరునవి కొన్ని కలవు. పార్లమెంటు చెల్లిపోయిన బిల్లును తిరిగి తెచ్చి, వచ్చును అనుచోట వలెను అని వ్రాయవలెను. అంతదాక మూడు జిల్లాల కలెక్టరులు తమ యధికారమున చేయగలిగినది చాల కలదు. తమ జిల్లాలోని వృద్ధాశ్రమములన్నిటి పట్టికను కచేరీ గోడమీద తెలుగున ప్రకటింపవలెను. ప్రతి ఆశ్రమమును మూడునెలలకొకమాఱు చెప్పకుండ చూడవలెను. అందొకటి రాత్రివేళ కావలెను. చూచువారిలో ఒక వైద్యుడు, ఒక స్త్రీ, ఒక వృద్ధుడు ఉండవలెను. వైద్యులు దొరకరనుటకు ఇప్పుడు వీలులేదు. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. విద్యార్థులకు వృద్ధుల వైద్యము నేర్పుటకు ఆశ్రమముకన్న మంచి పాఠశాల యేది? తనిఖీలో కనబడిన గుణదోషములను ఒక పలకమీద పెద్ద అక్షరములతో వ్రాసి ఆశ్రమపు వాకిట వ్రేలగట్టవలెను. దాతల పేర్లకు చోటున్న గోడమీద దీనికిని చోటుండును.

పట్టణముల పెద్దమనుషులకు మేము చెప్పునది వేఱు. మీ దానమును మానుకొనుమని మేమనము. ఇచ్చుటకు ముందు మరుగుదొడ్డిదాక నడచి చూడుడు. ఒక రాత్రి తొమ్మిదింటికి పొండు. ముసలివారితో ఆశ్రమమువారు లేనిచోట రెండు మాటలాడుడు. కిందటేడు చనిపోయినవారెందఱు, ఏ వ్యాధిచేత, వైద్యుడు వచ్చెనా యని యడుగుడు. అడిగినందుకు కోపించు ఆశ్రమమునకు మీ యన్నదానము చేరవలసినది కాదు. కష్టములోనున్న వృద్ధులు, చూచిన పొరుగువారు 14567 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఆ పిలుపునకు ఖర్చు లేదు. ఈ సంఖ్యను ప్రతి ఆశ్రమమునను, మంచములోనుండి చదువదగునంత పెద్దదిగ, గోడమీద వ్రాయింపుడు.

పత్రికలకును ఇందు విధి కలదు. ఇటికాలపాడు స్వగ్రామముగా గలిగి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారి సీమ యిది. నాటి పత్రిక నోరులేనివారి పక్షమున నిలిచినది. నేడు నోరుండియు వినువారు లేనివారు ఆశ్రమముల మంచములమీద నున్నారు.

మన ఊళ్లలో వేసవి వచ్చినదనిన దారిప్రక్కల చలివేంద్రములు వెలయును. ఊరు పేరు తెలియని బాటసారికి పిలిచి నీరిచ్చుట తెలుగుదేశపు ధర్మము. గద్వాల కోట వాకిట నేమి, వనపర్తి సంతలో నేమి, నాగర్‌కర్నూలు బస్‌స్టాండులో నేమి, క్రొత్తకుండ, తడిగుడ్డ, ముంత కనబడని వేసవి లేదు. ఆ కుండ పెట్టిన చేతులే ఆశ్రమమునకు చలువరాళ్లు దానమిచ్చినవి. ఇట్టి జాతి పెంచిన ముదుసలి, చెంత నిండుచెంబుండియు, చీకటికి జడిసి దాహముతో తెల్లవాఱులు వేగించుట మనకు తగదు. ఏ ఆశ్రమమునందైనను పొద్దుమూకిన తరువాత అవ్వ భయములేక చెంబెత్తి నీరు త్రాగగలుగుచున్నదా? తనిఖీ చేయువారు ఆ యొక్క ప్రశ్నతో మొదలుపెట్టుదురు గాక.